లెవెల్ ఎంత? లోకం ఎంత?

ఆటకు కొత్త క్యాంపెయిన్, అంటే కొత్త కథ, అనుకోగానే చెయ్యి పటం మీదికి పోతుంది. ఆపుకుని, ముందు ఒక ప్రశ్న తేల్చుకుంటాను. ఈ లోకంలో అందరికన్నా బలవంతుడెవరు? అలాంటివాళ్లు ఎంతమంది?

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేస్తూ కథ నడిపే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వచ్చింది. లెవెల్, అంటే పాత్ర బలానికి కొలత, పెరిగితే లోకమూ పెరగాలన్న సంగతి 1983–86 మధ్య ఫ్రాంక్ మెంట్జర్ కూర్చిన అయిదు పెట్టెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 3వ లెవెల్ దాకా నేలమాళిగలు, 14 దాకా అడవులు, సముద్రాలు, 25 దాకా సొంత రాజ్యం, 36 దాకా లోకాంతర యాత్రలు, ఆపైన అమరత్వం.

ఉద్యోగ పర్వంలో భీష్ముడు రథులు, అతిరథులు అంటూ లెక్క చెబుతూ కర్ణుణ్ణి అర్ధరథుడన్నాడు. మిగతావాళ్ల కొలత వినకపోతే ఆ మాటకు అంత మంట ఉండేదా? లెవెల్ కూడా అంతే, పక్కవాణ్ణి బట్టే దానికి విలువ.

2014 నాటి అయిదో ఎడిషన్‌నే చూడండి. 13వ లెవెల్ విజార్డ్‌కి, అంటే మాంత్రికుడికి, క్షణంలో దూరాలు దాటించే టెలిపోర్ట్ మంత్రం అందుతుంది. ఆ రోజుతో నేను గీసిన కనుమలు, దొంగల దారులు దండగే. 9వ లెవెల్ క్లెరిక్, అంటే పూజారి, చనిపోయి పది రోజులు దాటనివాణ్ణి లేపగలడు. 500 బంగారు నాణేల వజ్రం ఒకటి కావాలి, అంతే. ఇక రాజహత్య కథ నడిచేదెలా? నడుస్తుంది, వజ్రాల గని ఎవరి చేతిలో ఉందన్నది కథైతే.

2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో యోధుడైన ఫైటర్ పాచికకు కలిపే దాడి బోనస్ లెవెల్‌తోపాటు 1 నుంచి 20కి ఎగబాకేది. పెద్ద వీరుడి ముందు మామూలు సైనికుడు లెక్కలోకే రాడు. అయిదో ఎడిషన్‌లో దాని స్థానంలోని ప్రొఫిషియెన్సీ బోనస్ 2 నుంచి 6కే పెరుగుతుంది. అందుకే వందమంది గాబ్లిన్ (పొట్టి రాక్షస) విలుకాళ్లంటే పెద్ద వీరుడూ జంకాల్సిందే. రాజుగారి సైన్యానికీ పని ఉంటుంది. నాకిష్టమైన లోకం ఇదే. 20వ లెవెల్ కోరే ఆటగాళ్లుంటే కాదనను, వాళ్లకు తగినంత పెద్ద ఆపద వెతుకుతాను.

ఆటగాళ్లు మాట వినడం లేదని సత్రం యజమానిని రహస్యంగా 15వ లెవెల్ వీరుణ్ణి చేసేయడం మాత్రం నాకు నచ్చదు. అంతటివాడు ఊళ్లోనే ఉంటే, గాబ్లిన్లను తరమడానికి వీళ్లనెందుకు పిలిచినట్టు?