అడ్డుకోవలసింది ఎవరు?

బెర్టోల్ట్ బ్రెక్ట్ 1941లో, ఫిన్లండ్ ప్రవాసంలో ‘ఆర్టురో ఊయీ’ నాటకం రాశాడు. హిట్లర్ ఎదుగుదలను అతను షికాగో గూండా కథగా మలిచాడు. ఆ ఎదుగుదల ‘అడ్డుకోదగినది’ అని పూర్తి పేరులోనే చెప్పాడు. కాలీఫ్లవర్ వర్తకుల ట్రస్టులో జర్మన్ సంపన్నవర్గాన్నీ, ట్రస్టు ఎరకు చిక్కిన ముసలి డాగ్స్‌బరోలో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌నూ పోల్చుకోవచ్చు. నియంతకు అంటగట్టిన మహిమను ఈ వ్యంగ్యం ఊడబెరుకుతుంది.

మరి అడ్డుకోగలిగిన వాళ్లెవరు? నాటకం చెప్పదు. చరిత్ర చెబుతుంది. 1932 నవంబరు ఎన్నికల్లో నాజీలకు దక్కిన స్థానాలు 196. సోషల్ డెమోక్రాట్లకు 121, కమ్యూనిస్టులకు 100, కలిపితే 221. కాని వాళ్లు కలవలేదు. కమ్యూనిస్టులు సోషల్ డెమోక్రాట్లను ‘సోషల్ ఫాసిస్టులు’ అన్నారు. సోషల్ డెమోక్రాట్లు కమ్యూనిస్టులను నాజీలతో ఒకే గాట కట్టారు. 1933 జనవరి 30న హిండెన్‌బర్గ్ హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించాడు. మార్చి 23న పార్లమెంటు తన శాసనాధికారాన్ని తానే అతని ప్రభుత్వానికి రాసిచ్చింది. అప్పటికే కమ్యూనిస్టు సభ్యులు జైళ్లలోనో అజ్ఞాతంలోనో ఉన్నారు. వ్యతిరేకంగా పడినవి సోషల్ డెమోక్రాట్ల 94 ఓట్లు మాత్రమే.

ఈ విషాదానికి నాటకంలో చోటు లేదు. సంఘటిత కార్మికవర్గం ఒక శక్తిగా రంగం మీదికి రాదు. శత్రువును నవ్వులపాలు చెయ్యడం అభ్యుదయ రచయిత పనిలో సగమే. శత్రువుకు దారిచ్చిన సొంత చీలికను చూపడం మిగతా సగం, కష్టమైన సగం. ‘అడ్డుకోదగినది’ అన్న మాటకు కర్త ఎవరో తేల్చకపోతే అది ఓదార్పుగానే మిగిలిపోతుంది.