పద్దు ఇద్దరిదీ

తెలంగాణలో ఒక ఇంటి మీటరు నెలకు 200 యూనిట్లు తిరిగితే విద్యుత్ ఛార్జీ 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ తిరిగిందా, 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, మిగతా వడ్డింపులు దీనికి అదనం. 200 లోపు వాడినవాళ్లకు మొదటి వంద యూనిట్లు 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున పడతాయి. 200 దాటిన ఇల్లు పై శ్లాబులోకి వెళ్లిపోతుంది. అప్పుడు మొదటి యూనిట్ నుంచీ 5.10 లెక్క కడతారు, 200 పైన తిరిగినవాటికి 7.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు అందుకుంటున్న ఇంటికైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఆ పథకం హద్దు కూడా 200 యూనిట్లే.

ఇది రహస్యమేమీ కాదు, బిల్లు చూస్తే తెలిసేదే. కానీ బిల్లు ఫోన్‌కు వస్తుంది, వచ్చిన క్షణంలో కట్టేస్తారు. చాలా ఇళ్లలో కట్టే మనిషి ఒకరు, స్విచ్చులు వేసే మనుషులు వేరొకరు. ఖర్చు తగ్గించుకుందామనుకున్న ఆలుమగలు మొదట చూసుకోవాల్సింది ఈ దూరాన్నే.

కూకట్‌పల్లిలో అద్దెకుంటున్న ఒక జంట సంగతి చూద్దాం. ఆయన ప్రైవేటు కంపెనీ ఉద్యోగి, ఆవిడ ఇంటి దగ్గర్లోని స్కూల్లో టీచరు. ఇద్దరు పిల్లలు. నెల మొదట్లో జీతాలు పడతాయి, మూడో వారానికి క్రెడిట్ కార్డు బయటికొస్తుంది. ఇలా కుదరదనుకుని ఒక ఆదివారం కూర్చుని, మానేయదగ్గ ఖర్చుల జాబితా రాశారు. పనిమనిషిని మాన్పించడం, పిల్లల డ్రాయింగ్ క్లాసు ఆపడం, రోజూ కొనే పూలు, ఆవిడ జాకెట్ల కుట్టుకూలి, అరలీటరు పాలు. జాబితాలో ఉన్నవన్నీ ఇంట్లోవి, ఆవిడ చేతి మీదుగా జరిగేవి. ఆయన బండి పెట్రోలు, ఆఫీసు దగ్గర రోజూ రెండుసార్లు టీ, సమోసా, స్నేహితులతో బిర్యానీ, కొత్త ఫోన్ వాయిదా అందులోకి రాలేదు. ఆయన దాచారని కాదు. అవి ఇంట్లో ఎవరి కంటా పడలేదు, అంతే.

చాలా కుటుంబాల్లో పొదుపు ఇక్కడే దారి తప్పుతుంది. కళ్లెదుట ఉన్న ఖర్చు మీదే కత్తి పడుతుంది. వంటింటి ఖర్చు రోజూ కనిపిస్తుంది కాబట్టి కోతంతా అక్కడికే వస్తుంది, ఆ భారం ఒకరి మీదే పడుతుంది. ఆ ఒకరూ కొన్నాళ్లు ఓర్చుకుని, ఆ తర్వాత విసుగెత్తి వదిలేస్తారు.

కూకట్‌పల్లి జంటను గట్టెక్కించింది ఒక పొడుగాటి పుస్తకం. కిరాణా కొట్టుల్లో చిట్టా రాసే ఎర్ర అట్టది. ఎడమ పేజీ ఆయనది, కుడి పేజీ ఆవిడది. రాత్రి భోజనాలయ్యాక, ఫోన్లో రోజంతా చెల్లించినవన్నీ చూసుకుంటూ ఎవరి పేజీలో వాళ్లు రాయాలి. వారం చివర రెండు పేజీలూ కలిపి కూడిక. మొదట్లో ఆయన పేజీ ఖాళీగా ఉండేది. "ఏవండీ, పెట్రోలు పోయించారు కదా, రాయలేదేం?" అని ఆవిడ అడిగితే, "రేపు రాస్తాలే, ఇప్పుడెక్కడ గుర్తు తెచ్చుకోను" అనేవారు. ఆ రేపు రాకపోతే వారాంతపు కూడిక తేలదు. కూడిక తేలకపోతే పద్దు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. అందుకని ఆవిడ మరో నియమం పెట్టారు. ఎడమ పేజీ ఖాళీగా ఉన్న వారంలో కుడి పేజీలో కోతలుండవు.

పద్దు రాసే అలవాటుకు మంచి వంశమే ఉంది. లండన్‌లో చదువుకునే రోజుల్లో బస్సు ఛార్జీ, తపాలా బిళ్ల దగ్గర్నుంచి ప్రతి చిన్న ఖర్చూ రాసుకుని, పడుకునే ముందు లెక్క సరిచూసుకునేవాడినని గాంధీ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. రెండు గదుల నుంచి ఒక్క గదికి మారడం, బండి ఎక్కకుండా నడవడం ఆ లెక్కల వెంట వచ్చిన మార్పులే. జపాన్‌లో హానీ మోతోకో అనే పత్రికా రచయిత్రి 1904లో గృహిణుల కోసం ఇంటి లెక్కల పుస్తకం అచ్చు వేసింది. జపాన్ తొలి మహిళా పాత్రికేయురాలిగా ఆమెను చెప్పుకుంటారు. అంతకు ఏడాది ముందు ఆమె, భర్త యోషికాజు కలిసి కుటుంబాల కోసం ఒక పత్రిక మొదలుపెట్టారు. ఖర్చయ్యాక రాసుకోవడమొక్కటే కాదు, దేనికెంత అని ముందే కేటాయించుకుని, ఆ పక్కన అయినది రాయడం ఆమె పుస్తకంలోని పద్ధతి. కూకట్‌పల్లి పుస్తకంలోకి ఈ కేటాయింపు గళ్లు ఆలస్యంగా వచ్చాయి. నిజానికి అవి మొదటి రోజు నుంచే ఉండాల్సినవి.

చేత్తో రాయడం ఎందుకు, యాప్ ఉందిగా అని అడిగేవాళ్లు ఉంటారు. డబ్బు చేయి దాటేటప్పుడు కలిగే బాధ గురించి ఆర్థిక, మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు అమెరికాలో బాస్కెట్‌బాల్ టికెట్లకు వేలం పెట్టించి చూశారు. నగదు ఇవ్వాల్సినవాళ్ల కంటే కార్డుతో కట్టొచ్చన్నవాళ్లు దాదాపు రెట్టింపు పాడారు. ఆ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. 2016లో యూపీఐ వచ్చాక మన దగ్గర నోటు తీసి లెక్కపెట్టే పని కూడా తప్పింది. పది రూపాయల కొత్తిమీరకూ రెండు వేల చెప్పులకూ ఒకటే చప్పుడు. పొద్దున ఇచ్చిన డబ్బు రాత్రి పెన్నుతో రాస్తున్నప్పుడు, జారిపోయిన ఆ బాధ కొంత తిరిగొస్తుంది. యాప్ దానంతట అదే రాసిపెట్టే లెక్క బాగానే ఉంటుంది, కానీ దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ.

నెల తిరిగేసరికి రెండు పేజీలూ ఒక సంగతి చెప్పాయి. బియ్యం, పప్పు, కూరగాయలు వాళ్లనుకున్నంత పెద్ద ఖర్చు కాదు. పెద్దది బయట తిన్నదీ, ఇంటికి తెప్పించుకున్నదీ, ప్యాకెట్లలో వచ్చినదీ. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. కేంద్ర ప్రభుత్వం 2022-23లో చేయించిన కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా 39 శాతం. అందులో పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహారం మీద పెట్టేది మొత్తం ఖర్చులో 10 శాతం దాటింది. బియ్యం, గోధుమల వంటి తిండిగింజల మీద పెట్టేది అందులో సగం కూడా లేదు. బియ్యం రకం తగ్గించి కొని పిల్లల చేత తినిపించడంలో అర్థం లేదని ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

వంటింట్లో కూడా చేయగలిగింది ఉంది. 2023 జులైలో టమాటా ధర మండిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది, జనం బారులు తీరారు. తెలుగు వంటకు పులుపు టమాటాయే ఇవ్వాలని లేదు. చింతపండు, చుక్కకూర, గోంగూర, మామిడికాయ, నిమ్మకాయ, చింతచిగురు ఉన్నాయి. ఇవన్నీ చవకగా దొరికే కాలాలు వేరు వేరు. ఆ జంట ఇంట్లో పప్పులో టమాటా వేయడం ఎప్పుడో అలవాటైపోయింది. చుక్కకూర పప్పు మళ్లీ మొదలుపెట్టాక కొన్నాళ్లకు పిల్లలే అడిగి చేయించుకోవడం మొదలైంది. కందిపప్పు ముందుగా నానబెట్టి కుక్కర్లో పెట్టడం, విజిల్ రాగానే మంట తగ్గించడం తెలియనివాళ్లు లేరు. పొద్దున్నే హడావిడిలో చేయకపోవడమే ఇబ్బంది. ఆ ఇంట్లో రాత్రి పద్దు రాయడం అయ్యాక పప్పు నానబోసే పని ఆయన తీసుకున్నారు. చిన్న పనే, కానీ పొదుపు పేరిట కొత్తగా పుట్టుకొచ్చిన చాకిరీ ఆవిడ ఒక్కరి మీదే పడలేదు. గ్యాస్‌లో మిగిలిన రూపాయల కంటే అది ఎక్కువ.

కూరగాయలకు వారానికోసారి రైతుబజారు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లలో ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. బియ్యం బస్తా విషయంలో ఆవిడ తూకం చూసి కొనడం నేర్చుకున్నారు. 2022 జులైలో ప్యాక్ చేసి లేబుల్ అంటించిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేసినప్పుడు, 25 కిలోలు దాటిన బస్తాకు మినహాయింపు ఇచ్చారు. వెంటనే మిల్లులు 26 కిలోల బస్తాలు దించాయి. పక్కపక్కన పెట్టిన రెండు బస్తాల ధరను కిలోల్లోకి మార్చుకోకుండా ఏది చవకో చెప్పలేం.

కరెంటు దగ్గర వాళ్లు తెలివిగా కదిలారు. లైట్లు ఆర్పమని పిల్లల మీద అరవడం మానేశారు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంటలకొద్దీ వెలిగినా లెక్కలోకి రాదు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు పదిహేను గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు తేడా. హాల్లో, పడగ్గదిలో ఉన్న రెండు ఫ్యాన్లు మార్చి, గీజరు అరగంట నుంచి పావుగంటకు తగ్గించి, ఏసీని 26 దగ్గర పెట్టి పక్కన ఫ్యాను వేసుకున్నారు. ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. నెల సగంలో ఒకసారి మీటరు చూసి రావడం పెద్దబ్బాయి పని. ఎండాకాలంలో 200 లోపు ఆపడం వాళ్ల వల్ల కాలేదు, అయ్యే పని కూడా కాదు. మిగతా నెలల్లో ఆగింది.

ఇలా మిగిలిన డబ్బు ఎవరి పేరు మీద ఉండాలన్న మాట తర్వాత వచ్చింది. మన ఇళ్లలో ఆడవాళ్ల పొదుపుకు పాత చిరునామా పోపుల డబ్బా. 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆ డబ్బు భర్తకు చెప్పక తప్పలేదు. ఏళ్ల తరబడి కూడబెట్టింది బ్యాంకు వరసలో బయటపడింది. అది దొంగ డబ్బేమీ కాదు. అవసరానికి చేయి చాచకుండా ఉండేందుకు దాచుకున్నది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 జులైలో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ నాగరత్న ఈ విషయాన్ని నేరుగా ప్రస్తావించారు. గృహిణి అయిన భార్యకు భర్త ఆర్థికంగా అండగా నిలవాలని, ఉమ్మడి ఖాతా, ఏటీఎం కార్డు ఆమె అందుబాటులో ఉంచాలని అన్నారు. పొదుపు మాటెత్తే ఏ భర్త అయినా ముందు చేయాల్సిన పని అదే. తనకెంత జీతమో, ఎంత అప్పుందో భార్యకు చెప్పకుండా పాల ప్యాకెట్ తగ్గించమనడం న్యాయం కాదు.

ఆయన అప్పు బయటపడింది కూడా ఎడమ పేజీలోనే. క్రెడిట్ కార్డు మీద కనీస మొత్తం కట్టుకుంటూ వస్తున్నారు. చాలా కార్డులు మిగిలిన బాకీ మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ వేస్తాయి, ఏడాదికి 42 శాతం. దాని మీద జీఎస్టీ. ఇంటి మొత్తం మీద మిగిలే ఏ పొదుపూ ఈ వడ్డీతో పోటీ పడలేదు. ఆవిడ నిష్ఠూరమాడారు, ఒక రోజు మాటలు లేవు, ఆ తర్వాత పుస్తకంలో మొదటి గడి కార్డు బాకీకి పోయింది. మిగతా కేటాయింపులన్నీ దాని తర్వాతే.

మొదటి జాబితాలో ఉన్నవి కొన్ని తిరిగొచ్చాయి. పనిమనిషిని మాన్పించలేదు. రెండు జీతాల ఇల్లు నెలాఖరు కష్టాన్ని తీసుకెళ్లి అంతకంటే తక్కువ సంపాదించే మనిషి మీద వేయడం తప్పని ఆవిడ పట్టుబట్టారు, ఆవిడ మాటే సరైనది. ఆకుకూరలు అమ్మే అవ్వ దగ్గర బేరమాడటం కూడా అంతే తప్పు. డ్రాయింగ్ క్లాసు ఉంది. మధ్యలో వచ్చిన ఆరోగ్య బీమా ఆపాలన్న ఆలోచన కూడా పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీ ప్రీమియం మీద అంతకు ముందున్న 18 శాతం జీఎస్టీ తీసేశాక దాన్ని ఆపడానికి కారణమూ లేదు. బయటి భోజనం నెలకు రెండు సార్లు, నలుగురూ కలిసి.

ఇప్పుడు వాళ్ల మధ్య తేలాల్సింది మిగులు డబ్బు సంగతి. కాలనీలో తెలిసినాయన నడిపే చీటీలో చేరదామని ఆయన, బ్యాంకులో ఆర్డీ కడదామని ఆవిడ. చీటీ పాట పాడితే అవసరానికి పెద్ద మొత్తం ముందే చేతికొస్తుంది, ఆయన మాటలో బలముంది. అయితే 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపకూడదు. పరిచయం మీద వేసిన చీటీల్లో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు తెలుగునాట ప్రతి ఊళ్లో ఉన్నాయి. కిందటి ఆదివారం ఆవిడ పుస్తకం మూసి ఆయన ముందు పెట్టి అన్నారు: "రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. చూపిస్తే చేరదాం, లేదంటే సోమవారం బ్యాంకుకి వెళ్దాం."