వెలగని బల్బు

చిన్న విమానం నేల వదిలిన మరుక్షణమే తలుపు గడియ ఊడితే లోపల ఒక్కసారిగా హోరు మొదలవుతుంది. కాగితాలు ఎగురుతాయి, పక్క సీటులోని మనిషి కేక పెడతాడు. అయినా సెస్నా 172 లాంటి విమానం దానివల్ల పడిపోదు. ఎదురుగాలే తలుపును నొక్కి ఉంచుతుంది, సందు కొద్ది అంగుళాలకు మించదు. ఒక చుట్టు తిరిగి వచ్చి మామూలుగా దిగిపోవచ్చు. ప్రమాదమంతా తలుపు మూయబోవడంలోనే ఉంది. పైలట్ పక్కకు వంగగానే విమానం ముక్కు లేస్తుంది, వేగం తగ్గుతుంది, రెక్కల మీద గాలి చెదిరి విమానం స్టాల్ అవుతుంది. నేలకు అంత దగ్గరలో తేరుకునే ఎత్తు ఉండదు.

నడిపే మనిషి ధ్యాస ఇలా మళ్లకూడదనే డ్రైవరుతో మాట్లాడరాదని బస్సుల్లో రాస్తారు. విమానాల్లో ఆ మాట 1981లో చట్టమైంది. 1974లో అమెరికాలోని షార్లెట్ దగ్గర ఒక డీసీ-9 విమానం కూలింది. దిగే వేళ పైలట్లు రాజకీయాల గురించి, పాత కార్ల గురించి మాట్లాడుకుంటున్నారని రికార్డింగులో తేలింది. అందుకే 10,000 అడుగుల కింద పనికి సంబంధం లేని మాట, పని కూడదని అమెరికా విమానయాన శాఖ విమానయాన సంస్థలకు నియమం పెట్టింది. సొంత విమానం నడిపేవారికి అది వర్తించదు. జాగ్రత్తపరులు తమంతట తామే పాటిస్తారు.

అయితే 1972 డిసెంబరు 29 రాత్రి జరిగినదాన్ని ఈ నియమం ఆపగలిగేది కాదు. న్యూయార్క్ నుంచి మయామీ వచ్చిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం 401లో, ముక్కు చక్రం దిగిందని చూపే దీపం వెలగలేదు. విమానాన్ని 2,000 అడుగుల వద్ద ఆటోపైలట్‌కు అప్పగించి, ఇద్దరు పైలట్లూ ఆ దీపం మీద పడ్డారు. చక్రాన్ని కంటితో చూడటానికి ఫ్లైట్ ఇంజినీరు కింది అరలోకి దిగాడు. వెంట ఒక మెకానిక్ కూడా. ఈలోగా కంట్రోల్ కాలమ్‌కు ఏదో తగిలి, ఎత్తును నిలిపి ఉంచే ఏర్పాటు విడిపోయి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. విమానం మెల్లగా కిందికి జారింది. ఎత్తు తప్పిందని ఇంజినీరు కుర్చీ దగ్గర గంట ఒకసారి మోగింది, కుర్చీ ఖాళీ. బయట ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేల, కటిక చీకటి. విమానంలోని 176 మందిలో 101 మంది చనిపోయారు. చక్రం దిగే ఉంది. మాడిపోయినవి బల్బులే.

ఆ కాక్‌పిట్‌లో ఊసుపోక కబుర్లు లేవు. అందరూ పనిలోనే ఉన్నారు, అదీ శ్రద్ధగా. లేనిదల్లా ఆ కాసేపూ విమానాన్ని చూసే మనిషి. మాట మీద నిషేధం మంచిదే, కానీ అసలు వ్యాధి వేరు: తక్షణం తేల్చాలనిపించే చిన్న పని. పైలట్ ఒక్కడే ఉండే చిన్న విమానంలో ఇది మరింత ప్రమాదం.

అక్కడ కాపాడేది వరుస. ముందు విమానం నిలకడగా ఎగరాలి, తర్వాత దారి, ఆ తర్వాతే రేడియో. కంట్రోలర్ మంచి సమయం కాని వేళ ప్రశ్న వేస్తే ‘స్టాండ్‌బై’ అంటే చాలు. చెక్‌లిస్ట్ మధ్యలో ఆగితే మొదటి నుంచి చదవాలి. ఆగిన చోటు గుర్తుందనుకోవడమే పొరపాటు. ప్రయాణికుణ్ణి పూర్తిగా నోరు మూయించడం కూడా సరికాదు. మరో విమానం కనిపిస్తే చెప్పమని, తక్కినవి దిగాక మాట్లాడుకుందామని ఇంజిను వేయకముందే చెబితే అతని కళ్లు కూడా పనికొస్తాయి.

అంతకన్నా ముఖ్యం, ధ్యాస మళ్లించడాన్నే సాధన చేయించడం. అమెరికా స్టాల్ శిక్షణ మార్గదర్శకాలు బోధకులకు ఇదే చెబుతాయి: నెమ్మదిగా ఎగురుతున్నప్పుడు పెన్సిల్ పడేసి తీయమనాలి, వెనక సీటులోని వస్తువు అందుకోమనాలి. శిష్యుడు వేగం చెడకుండా ఆ పని చేయగలగాలి, లేదా వద్దనగలగాలి. మబ్బులో, అదీ మలుపు తిరుగుతూ తల వంచితే లోపలి చెవి మోసం చేసి విమానం పల్టీ కొడుతున్నట్టు తోస్తుంది. అక్కడ జారిన పెన్సిల్‌ను ఇంజిను ఆపేదాకా నేల మీదే ఉండనివ్వాలి. జేబులో ఇంకొకటి పెట్టుకునేది అందుకే.