ఆటలోని నియమము – ఆటగాని నడవడి

చెడుగుడు ఆడిన పిల్లలందరికీ ఒక నియమము తెలియును. ఎదుటి పక్షములో ఒకడు ఔటయినచో, తన పక్షములో ఔటై గీత వెలుపల కూర్చున్నవాడొకడు తిరిగి ఆటలోనికి వచ్చును. ఈ ఒక్క నియమము వలన కూతకు వెళ్ళినవాడు తనకొరకే కాక, వెలుపల కూర్చున్న తోడివాని కొరకు కూడ పోరాడుచున్నాడు. అతనికి ఎవ్వరూ స్నేహధర్మమును బోధింపనక్కరలేదు. ఆ నియమమును తీసివేసి, ఎక్కువమందిని తాకినవానికే బహుమతి అని ప్రకటించినచో ఆ పిల్లలే మరియొక విధముగా ఆడుదురు. పిల్లలు మారలేదు; నియమము మారినది.

ఈ చిన్న సత్యమును మనసులో ఉంచుకొని చూచినచో, నేటి యువకులను ఆకర్షించుచున్న రెండు వస్తువులను సరిగా విమర్శింపవచ్చును. ఒకటి వీడియో గేమ్, రెండవది సామాజిక మాధ్యమము. ఈ రెండింటినీ పెద్దలు సాధారణముగా ఒకే మాటతో నిందింతురు. పిల్లలు ఒకే మాటతో మెచ్చుకొందురు. నింద గాని మెప్పు గాని విమర్శ కాదు. ఏ నియమము ఏ ఫలితము నిచ్చుచున్నదో పరీక్షించుట విమర్శ.

కంప్యూటరులో పలువురు కలిసి సంచరించు కల్పిత ప్రపంచములు కొత్తవి కావు. 1978లో ఇంగ్లండులోని ఎస్సెక్స్ విశ్వవిద్యాలయములో రాయ్ ట్రబ్‌షా ప్రారంభింపగా రిచర్డ్ బార్టిల్ పెంపొందించిన ‘మడ్’ అను ఆటలో బొమ్మలు లేవు, అన్నియు అక్షరములే. అయినను అందులో స్నేహములు, కలహములు పుట్టినవి. 1996లో బార్టిల్ ప్రకటించిన వ్యాసములో ఆటగాళ్ళను నాలుగు తెగలుగా విభజించినాడు: విజయములను కూర్చుకొనువారు, వింతలను వెదకువారు, తోడివారితో మాటలాడుటకై వచ్చువారు, ఇతరులను బాధించి ఆనందించువారు. వీరిలో ఏ తెగ పెరుగునో, ఏ తెగ తగ్గునో, ఆ ప్రపంచమును నిర్మించినవాని చేతిలో చాలవరకు ఉన్నదని కూడ అతడు వివరించినాడు.

ఈ మాటకు చక్కని నిదర్శనము ‘జర్నీ’ అను ఆట. జెనోవా చెన్ దర్శకత్వమున అమెరికాలోని దట్‌గేమ్‌కంపెనీ దీనిని నిర్మించినది. 2012 మార్చిలో సోనీ వారి ప్లేస్టేషన్ 3 యంత్రముపై ఇది వెలువడినది. కథ చాల స్వల్పము. పొడవైన అంగీ తొడిగిన మూర్తి ఒకటి ఇసుక ఎడారిలో మేలుకొనును. దూరమున ఒక కొండ, దాని శిఖరముపై వెలుగు కనబడును. అచ్చటికి చేరవలెను. అంతయు ముగియుటకు రెండు గంటలు పట్టును. దారిలో అటువంటిదే మరియొక మూర్తి ఎదురుపడవచ్చును. ఆ మూర్తిని నడుపుచున్నది కంప్యూటరు కాదు; ప్రపంచములో మరియొక చోట కూర్చున్న నిజమైన మనిషి. అతని పేరు తెలియదు. మాటలాడుటకు వీలు లేదు. ఒక చిన్న నాదము చేయుట మాత్రమే సాధ్యము. ప్రయాణము ముగిసిన పిమ్మటనే తోడివారి పేరు తెరపై కనబడును.

ఈ ఆట నిర్మాణములో జరిగిన ఒక సంగతి విద్యార్థులు తెలిసికొనదగినది. తొలి నమూనాలలో ఇద్దరు ఆటగాళ్ళు ఒకరినొకరు తోసుకొనుటకు వీలుండెను. ఒకరికొకరు సాయపడుదురని నిర్మాతలు ఆశించినారు. ఆటగాళ్ళు సాయపడుటకు మారుగా తోడివారిని గోతులలోనికి నెట్టి సంతోషించినారు. చెన్ ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుని సలహా అడిగినాడు. కొత్త ప్రపంచములో ప్రవేశించినవాడు పసిబిడ్డ వంటివాడనియు, ఏ పనికి ఎక్కువ ప్రతిస్పందన వచ్చునో ఆ పనినే చేయుననియు అతనికి సమాధానము లభించినది. గోతిలో పడినవాని తడబాటు కంటె పెద్ద ప్రతిస్పందన ఏమున్నది?

అప్పుడు నిర్మాతలు ఆటగాళ్ళకు నీతులు వ్రాసి పెట్టలేదు. తోయు శక్తిని తీసివేసినారు. దానికి బదులు, ఇద్దరు దగ్గరకు వచ్చి తాకినపుడు ఇద్దరి మెడలోని శాలువలకు ఎగురుటకు కావలసిన శక్తి చేకూరునట్లు ఏర్పరచినారు. ఒకరు తీసికొన్న వస్తువు రెండవవారికి లేకుండ పోవు పద్ధతిని కూడ మానివేసినారు. గోతులలోనికి నెట్టుకొన్న మానవజాతియే ఇప్పుడు ఒకరికొరకొకరు ఆగి, వెనుదిరిగి చూచి, నాదముచేసి పిలువసాగినది. ఆస్టిన్ వింటరీ కూర్చిన సంగీతము గ్రామీ పురస్కారమునకు ప్రతిపాదింపబడినది. ఒక వీడియో గేమ్ యొక్క పూర్తి సంగీత సంపుటము ఆ గౌరవము పొందుట అదియే మొదటిసారి. కాని ఈ ఆట గొప్పతనము సంగీతములోను, చిత్రములలోను కంటె, పైన చెప్పిన రెండు మూడు నియమములలో ఎక్కువగా ఉన్నది.

ఇచ్చట విమర్శకుడు ఒక ప్రశ్న అడుగక తప్పదు. ఈ మంచితనమునకు ఇచ్చిన మూల్యమేమి? నాలుక. మాట లేనిచోట తిట్టు లేదు, నిజమే. అట్లే ఓదార్పు కూడ లేదు, భిన్నాభిప్రాయము లేదు, క్షమాపణ లేదు. రెండు గంటల పరిచయము సంఘము కాదు. గాలి తీసివేసిన గాజు గొట్టములో ఈకయు, నాణెమును ఒకేసారి నేలకు చేరును. ఆ ప్రయోగము గురుత్వాకర్షణను గూర్చి గొప్ప సత్యమును తెలుపుచున్నది. కాని మనము జీవించునది గాలిలోనే గదా! ‘జర్నీ’ అట్టి గాజు గొట్టము. నియమమునకు ఉన్న బలమును అది నిరూపించినది. మాటలాడు మనుష్యులు ఎట్లు కలిసి బ్రతుకవలెనో చెప్పలేదు.

మాటలాడు మనుష్యుల సంగతి సామాజిక మాధ్యమములలో తేలును. పెద్ద కంపెనీల మాధ్యమములలో ఏ వ్రాత ముందు కనబడవలెనో యంత్రము లెక్కకట్టును. ఎక్కువ ప్రతిస్పందన తెచ్చిన వ్రాత ఎక్కువమందికి చూపబడును. కోపము పుట్టించు మాటకు ప్రత్యుత్తరములు త్వరగా వచ్చునని ఎవరికైనను అనుభవమే. అనగా, చెన్ తన నమూనాలో చూచి తీసివేసిన నియమము ఇచ్చట బహుమానముతో సహా నిలిచియున్నది. గోతిలోనికి నెట్టినవానికి చప్పట్లు ఎక్కువ.

దీనికి ప్రత్యామ్నాయముగా పుట్టినవానిలో ‘మాస్టొడాన్’ ముఖ్యమైనది. జర్మనీలో ఓయ్‌గెన్ రోచ్కో దీనిని 2016లో విడుదల చేసినాడు. ఇది ఒక కంపెనీవారి ఒకే భవనము కాదు. వేర్వేరు దేశముల తపాలా శాఖలు వేర్వేరైనను, 1874లో ఏర్పడిన ఒడంబడిక వలన ఒక దేశములో వేసిన జాబు మరియొక దేశములో అందుచున్నది. అట్లే ఎవరి సర్వరు వారిదే, ఎవరి కట్టుబాట్లు వారివే. అయినను ఒక సర్వరులోనివాడు వ్రాసినది మరియొక సర్వరులోనివాడు చదువగలడు. ఇందుకు వాడు ‘యాక్టివిటీపబ్’ అను ఉమ్మడి పద్ధతిని 2018 జనవరిలో వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు3సి సంస్థ ఆమోదించినది. వ్రాతలు వచ్చిన వరుసలోనే కనబడును. ఇతరుల వ్రాతను ఎత్తిచూపి ఎగతాళి చేయుటకు ఉపయోగపడునను భయముతో, ఉటంకించు సదుపాయమును చాలకాలము చేర్చలేదు. 2025లో చేర్చినపుడు, తన వ్రాతను ఎవరు ఉటంకింపవచ్చునో నిర్ణయించు హక్కును వ్రాసినవానికే ఇచ్చినారు.

2019లో ఈ పద్ధతికి గట్టి పరీక్ష వచ్చినది. ద్వేషపూరితమైన వ్రాతలకు పేరుమోసిన ‘గాబ్’ అను మాధ్యమము మాస్టొడాన్ ప్రోగ్రామునే తీసికొని తన సర్వరును నడుపసాగినది. ప్రోగ్రాము అందరిదీ గనుక ఆపుటకు ఎవరికిని వీలులేదు. కాని అనేక సర్వరులవారు దానితో రాకపోకలు తెంచుకొన్నారు. ఊరిలో ఇల్లు కట్టుకొనకుండ ఆపలేకపోయినను, తన తలుపు మూసికొను హక్కు ప్రతి గృహస్థునకును ఉండెను.

లోపములను దాచరాదు. కొత్తగా వచ్చినవానికి ఏ సర్వరులో చేరవలెనో తోచదు. 2022 అక్టోబరులో ట్విట్టరు ఎలాన్ మస్క్ చేతికి వచ్చిన పిమ్మట లక్షలమంది ఇటు వచ్చినారు. వారిలో చాలమంది నిలువలేదు. పెక్కు సర్వరులను జీతము లేని ఔత్సాహికులు నడుపుచున్నారు. వారు అలసిపోయి సర్వరును మూసివేసినచో, తనను అనుసరించువారిని మరియొక చోటికి తీసికొనిపోవచ్చును గాని పాత వ్రాతలను తీసికొనిపోవుట సాధ్యము కాదు.

అయినను ఆటగానికి ఈ ప్రయత్నము ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చాలును. నిన్‌టెండో కంపెనీ 2012లో ‘మీవర్స్’ అను మాధ్యమమును నెలకొల్పినది. ఆటలో చిక్కుపడినవాడు అందులో ప్రశ్న వ్రాయుచుండెను. తెలిసినవాడు జవాబు చెప్పుచుండెను. పిల్లలు చేతితో బొమ్మలు గీసి పెట్టుచుండిరి. 2017 నవంబరులో కంపెనీ దానిని మూసివేసినది. అయిదేండ్లుగా అచ్చట కూడినవారికి కూడుటకు ఆ చోటు లేకపోయినది. అద్దె యింటి పెరటిలో నాటిన చెట్టు ఎంత పెరిగినను, ఇల్లు ఖాళీచేయు నాడు వెంట రాదు.

కనుక ఈ రెండింటినీ కలిపి చదువవలెను. మంచి నియమము మనుష్యుని నడవడిని ఎంతవరకు మార్చగలదో ‘జర్నీ’ చూపినది. కాని ఆ నియమమును చేసినవారు నిర్మాతలు. ఆటగానికి అందులో మాట లేదు. నియమము చేయు హక్కు అచ్చట నివసించువారికే ఉండవచ్చునని మాస్టొడాన్ చూపినది. ఆ హక్కుతోపాటు ఖర్చు, శ్రమ, కలహములను తీర్చు భారము కూడ వారిపైననే పడినది. మొదటిది మనోహరమైన కృతి. రెండవది అసంపూర్ణమైన ఊరు. ఊరికి కావలసిన పాఠము కృతిలో ఉన్నది, కృతిలో లేని స్వాతంత్ర్యము ఊరిలో ఉన్నది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పరీక్షింపవచ్చును. కంప్యూటరు అక్కరలేదు. ఒక సాయంకాలము చెడుగుడులో ఔటయినవాడు తిరిగి వచ్చు నియమమును తీసివేసి ఆడించి, మరునాడు తిరిగి చేర్చి ఆడింపవలెను. రెండు దినములలో పిల్లల కేకలలోను, ఆటలోను కనిపించిన తేడాను వారిచేతనే వ్రాయింపవలెను. పిమ్మట ఒక ప్రశ్న అడుగవలెను: ఈ నియమమును ఉంచుటయా, తీసివేయుటయా అను నిర్ణయము ఎవరిది కావలెను?