దొంగ పిలుపు నేర్పే పుస్తకాలు

నాకు వేట రాదు. వేట పుస్తకాలు చదవడం మాత్రం వచ్చు. చదివితే వేట రాదని వేటగాళ్ళంటారు, వస్తుందని పుస్తకాలు వ్రాసేవాళ్ళంటారు. వాళ్ళ తగాదా పుణ్యమా అని నాబోటివాడికి కాలక్షేపానికి లోటు లేదు.

ఈమధ్య చదివినవి అమెరికాలో వసంతకాలంలో సాగే టర్కీకోళ్ళ వేట గురించిన పుస్తకాలు. ముందు ఆ పేరు సంగతి చూడండి. ఈ పక్షి పుట్టిల్లు అమెరికా. టర్కీ దేశంతో దానికి ఏ బంధుత్వమూ లేదు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని టర్కీ అంటే, టర్కీవాళ్ళేమో ఇండియా నుంచి వచ్చిందన్నట్టు 'హిందీ' అంటారు! ఎవరికి వారు పక్కవాడి మీదికి తోసేశారన్నమాట. మనం ఇంగ్లీషువాళ్ళ మాటే నమ్మి ఊరుకున్నాం. పెరట్లో పెంచే టర్కీకోడిని చూసి అడవిదీ ఇంతేననుకోకండి. దాని కన్నూ చెవీ మహా చురుకు. రాత్రి చెట్టెక్కి పడుకుంటుంది. అవసరమైతే ఎగురుతుంది, లేకపోతే పరుగెత్తుతుంది.

ఇక వేటలో కిటుకు. వసంతంలో తెల్లవారుతూండగా పుంజు చెట్టు మీదనుంచే గొంతెత్తి కూస్తుంది. నేలకు దిగి, తోక విసనకర్రలా విప్పుకుని నిలబడుతుంది. ఆ కూత విని పెట్టలే దాని దగ్గరికి వెళ్ళడం ప్రకృతి ధర్మం. వేటగాడు ఈ ధర్మాన్ని తిరగేస్తాడు. చెట్టు మొదలుకు వీపు ఆనించి, కదలకుండా కూర్చుని, పెట్ట గొంతుతో "నువ్వే రా" అని పుంజును పిలుస్తాడు. అలకపాన్పు ఎక్కిన అల్లుణ్ణి లేచి వంటింట్లోకి రమ్మనడం లాంటిదే ఇది. రాకపోతే సహజం, వస్తే వింత. అందుకే ఈ వేటలో వట్టి చేతులతో ఇంటికి రావడమే ఎక్కువ.

ఈ పిలుపు నేర్పడమే కొత్తవాళ్ళ కోసం వ్రాసే చేతిపుస్తకాల పని. చెక్కపెట్టె ఒకటి ఉంటుంది, మూత రాపిడితో పెట్టలా పలుకుతుంది. అలాంటి పెట్టెకు హెన్రీ గిబ్సన్ అనే ఆయన 1897లో పేటెంటు పుచ్చుకున్నాడు. పలకరాయి మీద పుల్లతో గీసి పలికించేది మరొకటి. అంగిట్లో పెట్టుకుని ఊదే పల్చని పొర ఇంకొకటి. తరవాత బట్టలు, బూట్లు, తూటాలు. చదువుతూంటే కిరాణాకొట్టు చీటీ చదివినట్టుంటుంది. చీటీలో అన్నీ ఉంటాయి, పక్షి తప్ప.

ఒక్క అధ్యాయానికి మాత్రం నా నమస్కారం. అది జాగ్రత్తల అధ్యాయం. కూత వినబడ్డ వైపు పాకుతూ పోవద్దు, అక్కడ కూస్తున్నది మరో వేటగాడు కావచ్చు. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోవద్దు, పుంజు తల మీద ఉండేవి ఆ రంగులే. రొమ్ము మీద వేలాడే గడ్డం కనబడందే తుపాకి ఎత్తవద్దు, వసంతకాలం పెట్టలు గుడ్లు పెట్టే కాలం. ఇక్కడ వాక్యాలు పొట్టిగా ఉంటాయి. అలంకారం ఒక్కటుండదు. ప్రాణభయం ఉన్నచోట శైలి దానంతటదే బాగుపడుతుందేమో!

వీటి సరసన 1914లో వచ్చిన మాకిల్‌హెన్నీ పుస్తకం పెట్టి చూడండి. దానికి ఆధారం చార్లెస్ జోర్డాన్ అనే వేటగాడు వదిలిపోయిన వ్రాతలు, ఫొటోలు. టబాస్కో మిరపకాయ సాసు కుటుంబానికి చెందిన మాకిల్‌హెన్నీ వాటిని సేకరించి గ్రంథంగా తెచ్చాడు. లూసియానాలో తెల్ల కొంగల జాతిని కాపాడటానికి పాటుపడినవాడూ ఈయనే. ఇందులో ముందు పక్షి, తరవాతే తుపాకి. దాని గూడు, పిల్లలు, తిండి, శత్రువులు, ఆఖరికి దాని భాష కూడా. చివర్లో టర్కీని వండే రహస్యమూ, కెమెరాతో వేటాడే విధానమూ రెండూ ఉన్నాయి. మనిషి మనసులోని తికమకను ఆ రెండు అధ్యాయాలే చెబుతాయి.

టామ్ కెల్లీది మరో తోవ. అలబామాలో ఫారెస్టరుగా పనిచేసిన ఈయన 1973లో 'టెన్త్ లీజియన్' వెలువరించాడు. సీజరు దగ్గరి పదో దళం సైనికులతో టర్కీ వేటగాళ్ళను పోల్చి ఆ పేరు పెట్టాడు. హాస్యప్రియుడు. వెక్కిరింతంతా వేటగాడి మీదే, పక్షి మీద గౌరవమే. చదివిస్తాడు, సందేహం లేదు. కాని ఆ సైనికుల పోలిక నాకు రుచించలేదు. సైనికుడి ఎదుట ఉన్నవాడి చేతిలోనూ కత్తి ఉంటుంది. ఇక్కడ ఎదుటివాడు పెళ్ళిచూపులకు వస్తున్నాడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. జంట క్రౌంచాల్లో ఒకటి నేలకూలితే మన ఆదికవి నోట శ్లోకం పుట్టింది. ఆ కథ వింటూ పెరిగినవాళ్ళం, జత కోసం వచ్చే పక్షిని జత గొంతుతోనే పిలిచి కొట్టే విద్యను తేలిగ్గా మెచ్చుకోలేం. అలాగని చేతులు కడుక్కోనూ లేం. పెంచిన పిట్టను ఎరగా చూపి అడవి పిట్టను పట్టడానికి మన వేటగాళ్ళకు 'దీమం' అనే మాటే ఉంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది గనుక ఇవాళ మనకు వేట మాటల్లోనే మిగిలింది.

వాళ్ళ పక్షాన చెప్పవలసిన మాటా ఒకటుంది. విచ్చలవిడిగా కాల్చి, అడవులు నరికి, ఆ దేశంలో ఈ పక్షిని చాలాచోట్ల లేకుండా చేశారు. తరవాత 1937లో తుపాకుల మీదా తూటాల మీదా వచ్చే పన్నును వన్యప్రాణుల కోసం కేటాయిస్తూ చట్టం తెచ్చారు. 1950ల నుంచి వలలు విసిరి పట్టిన పక్షుల్ని ఖాళీ అయిన అడవుల్లో వదిలారు. అవి మళ్ళీ పెరిగాయి. చంపేవాడి డబ్బుతోనే జాతి నిలిచింది. ఈ విడ్డూరం మీద ఇంకా మంచి పుస్తకం రావలసి ఉంది.

ఈలోగా కొత్తగా వేటకు బయలుదేరే కుర్రాడెవరైనా అడిగితే, జాగ్రత్తల అధ్యాయాన్ని కంఠతా పట్టమంటాను. మాకిల్‌హెన్నీ పుస్తకంలో పక్షి భాష గురించిన భాగం చదివి, ఒక వసంతమంతా తుపాకి లేకుండా వెళ్ళి ఆ చెట్టు కింద కూర్చోమంటాను. ఆ తరవాత కూడా తుపాకి కావాలనిపిస్తే, అప్పుడు కెల్లీని చదువుకోవచ్చు.