తంబూరా గద కావాలంటే వేదిక ఉండాలి

పండవానీని చెవులతో మాత్రమే విన్నవాళ్ళు సగమే విన్నారు. ఛత్తీస్‌గఢీలో మహాభారతం మొత్తాన్ని ఒకే గాయకురాలు పాడుతుంది, చెబుతుంది, ఆడి చూపిస్తుంది. ఒక చేతిలో తంబూరా, మరో చేతిలో కర్తాలు. తెర లేదు, వేషం మార్చడం లేదు. భుజానికెత్తితే ఆ తంబూరాయే భీముడి గద, ముందుకు చాపితే అర్జునుడి విల్లు, మెలితిప్పితే దుశ్శాసనుడి చెయ్యి. బుర్ర, కర్ర, తీగ, కొసన నెమలీకలు! ఇంత చిన్న వాద్యంలో కురుక్షేత్రమంతా ఇమిడిపోతుంది.

పండవానీ గాయని తీజన్ బాయి దుశ్శాసన వధ చెప్పిన తీరు చూడాలి. ముందు మామూలు మాటల్లో, మన అరుగు మీద కూర్చుని కబురు చెప్పినట్టు మొదలుపెట్టేది. ద్రౌపది అవమానం దగ్గర గొంతు దిగేది. భీముడు లేచేసరికి పాదం వేదికను దద్దరిల్లించేది, వచనం పాటైపోయేది, ఆ కేక చివరి వరుసలో పిల్లవాణ్ణి కూడా నిటారుగా కూర్చోబెట్టేది. వచనం నుంచి పాటలోకి ఎక్కడ దూకాలో తెలియడమే ఈ విద్యలో అసలు రహస్యం.

పక్కన రాగీ ఉంటాడు. ఊకొడతాడు, మాట అందుకుంటాడు, ప్రశ్న వేస్తాడు. బుర్రకథ తెలిసిన తెలుగువాళ్ళకు ఈ జోడీ కొత్తకాదు. బుర్రకథకుడు నాజర్ కథ చెబుతుంటే వంతలు చేసిన పనే ఇది. కథకురాలు ఊపిరి తీసుకునే క్షణాన్ని ఖాళీగా వదలకుండా హార్మోనియం, తబలా, ఢోలక్, మంజీరాలతో పాటు రాగీ కూడా కథను నిలబెడతాడు. సభ నాడి చూసి ఒక ఘట్టాన్ని పెంచుతారు, మరొకటి కుదిస్తారు. నిన్న ఊళ్ళో జరిగిన సంగతి ఇవాళ ధర్మరాజు కథలోకి వచ్చేస్తుంది.

పూర్వం పర్ధాన్, దేవార్ సమాజాలవాళ్ళు ఊరూరా తిరిగి ఈ కథలు పాడేవారని పెద్దలంటారు. తర్వాత రెండు బాణీలు నిలబడ్డాయి. సబల్‌సింహ్ చౌహాన్ మహాభారతాన్ని ఆధారంగా తీసుకుని కూర్చుని పాడేది వేదమతి. ఝాడూరామ్ దేవాంగన్, పూనారామ్ నిషాద్ ఆ బాణీలో మహానుభావులు. నిలబడి, ఆడుతూ, కథను స్వేచ్ఛగా నడిపించేది కాపాలిక్. ఝాడూరామ్ గొంతుకు చేతులెత్తి మొక్కుతాను, కానీ నా ఓటు కాపాలిక్‌కే! భీముణ్ణి కూర్చోబెట్టి చెప్పడం నా మనసుకు ఎప్పటికీ ఒప్పదు.

ఆడవాళ్ళు కూర్చునే పాడాలన్న రోజుల్లో భిలాయి దగ్గరి గనియారీ పిల్ల తీజన్, తాత బ్రిజ్‌లాల్ దగ్గర విన్న కథతో లేచి నిలబడింది. పదమూడేళ్ళ వయసులో చంద్రఖురీలో ఇచ్చిన మొదటి ప్రదర్శనకు పది రూపాయలు దక్కాయి. పాడినందుకు కులం వెలి వేసింది. అయినా తంబూరా దించలేదు. రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించాడు. శ్యామ్ బెనెగల్ టీవీ ధారావాహిక ‘భారత్ ఏక్ ఖోజ్’లో దేశమంతా ఆమెను చూసింది. 1995లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి. అదే బాణీ గాయని ఉషా బార్లేకు 2023లో పద్మశ్రీ వచ్చింది. బాణీ బతికే ఉందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

మరి నా గుండె ఎందుకు మండుతోంది? పండవానీ పేరు తగిలించి అమ్ముతున్న సరుకును చూసి. కీబోర్డు మీద మోగే యంత్రపు దరువు, రాగీ లేని రికార్డింగు, కథ మొదలవకముందే ముగిసే మూడు నిమిషాల వీడియో! నెమలీకల తంబూరా పట్టుకుని ఫొటోకు నిలబడితే పండవానీ అయిపోదు. ముందే రికార్డు చేసిన ట్రాక్‌కు పెదవులు కదపడం ఈ కళకు చేసే ద్రోహం. ఊకొట్టే మనిషీ, ఎదురుగా జనమూ లేకపోతే ఆ కథ ఎవరితో పెరుగుతుంది?

కొత్త పాటలు రికార్డు చేయవద్దని అనను. చెయ్యండి, బాగా చెయ్యండి. గొంతులు భద్రపడాలి, దూరాన ఉన్నవాళ్ళకు చేరాలి. కానీ ఆ రికార్డు జనాన్ని వేదిక దగ్గరికి పిలవాలి, వేదికకు బదులు కాకూడదు. స్టూడియో నుంచి బయటికి వచ్చిన ప్రతి యువ గాయనికీ రాయ్‌పూర్‌లో సభ దొరకాలి. ఆ నగరంలోని పండరీలో ఛత్తీస్‌గఢ్ హాట్ ఉంది, హస్తకళలు కొనడానికి జనం అక్కడికి వస్తూనే ఉన్నారు. అక్కడ ఒక సాయంత్రం పూర్తిగా పండవానీకే ఇవ్వండి. సినిమా డాన్సుల మధ్య పది నిమిషాలు విదిలించడం గౌరవం కాదు.

రాయ్‌పూర్, భిలాయి తెలుగువాళ్ళకు నా విన్నపం. ఈ గడ్డ మనకు అన్నం పెట్టింది. మన ఉగాది సభకు ఒక పండవానీ బృందాన్ని పిలుద్దాం. రాగీతో, వాద్యగాళ్ళతో సహా అందరికీ సరైన పారితోషికం ఇద్దాం. ఒక్క ఘట్టమైనా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని విందాం. భాష పూర్తిగా అర్థం కాకపోయినా ఫరవాలేదు, భారతం మనకు కొత్తకాదు. మనం కూర్చుంటేనే వాళ్ళు లేచి నిలబడి పాడతారు.