ఆదిమ సంఘం పెరిగిన తీరు: ప్రసంగానికి సిద్ధపాటు

అపొస్తలుల కార్యముల గ్రంథం ఆదిమ సంఘం ఎదుగుదలను ఒక్కచోట కుప్పపోసి చెప్పదు. 28 అధ్యాయాల పొడవునా లూకా అక్కడక్కడా ఆగి, సంఘం ఎందాకా వచ్చిందో ఒకటి రెండు మాటల్లో చెప్పి, మళ్లీ కథలో పడతాడు. 6:7, 9:31, 12:24, 16:5, 19:20, 28:30–31 వచనాలు అలాంటివే. గ్రంథం ఆరు భాగాలుగా విడిపోయేది ఈ వచనాల దగ్గరేనని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. రెండో అధ్యాయంలోని మూడు వేలు, నాలుగో అధ్యాయంలోని అయిదు వేల లెక్క వీటికి అదనం. ఈ అంశంపై ప్రసంగానికి సిద్ధపడే పాస్టరు ముందుగా ఈ వచనాల కింద గీత గీసుకుని, ఒక్కోదానికి ముందు ఏం జరిగిందో చదవాలి.

అలా చదివితే లూకా పద్ధతి బయటపడుతుంది. 6:7కు ముందున్నది విధవరాండ్ర భోజనం గురించిన సణుగుడు. 9:31కు ముందు సౌలు సాగించిన హింస, ఆ తర్వాత అతని మారుమనస్సు. 12:24కు ముందు యాకోబు కత్తికి బలయ్యాడు, పేతురు చెరసాలపాలయ్యాడు. 16:5కు ముందు సున్నతి వివాదం యెరూషలేము సభదాకా వెళ్లింది. పౌలు, బర్నబా మాటామాటా పెరిగి విడిపోయారు. 19:20కు ముందు ఎఫెసులో మాంత్రిక విద్యల పుస్తకాలు తగలబెట్టారు. వాటి ఖరీదు యాభై వేల వెండి నాణేలు. పెరిగిందన్న మాట ప్రతిసారీ ఏదో ఒక చిక్కు వెంబడే వస్తోంది. చిక్కును వదిలేసి లెక్క మాత్రం చెప్పే ప్రసంగం వినసొంపుగా ఉండవచ్చు గానీ, అది లూకా రాసిన చరిత్ర కాదు.

వాక్యభాగం ఎంపికలో ఎక్కువమంది చెయ్యి 2:42–47 మీద పడుతుంది. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన అని నాలుగు పాయింట్లు అక్కడ సిద్ధంగా దొరుకుతాయి. ఆ భాగం గొప్పదే. కాకపోతే సంఘం ఇప్పటికే వందసార్లు విన్నది. 6:1–7 తీసుకుంటే పని కష్టం, ఫలితం ఎక్కువ. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రకు అన్యాయం జరుగుతోంది. అపొస్తలులు ఫిర్యాదును కొట్టిపారేయలేదు, తామే పెత్తనం చేయనూ లేదు. ఏడుగురిని ఎంచుకోమని సంఘానికే అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు అనే ఆ ఏడు పేర్లూ గ్రీకువే. పాలస్తీనా యూదుల్లోనూ గ్రీకు పేర్లున్నవాళ్లు ఉండేవారు కాబట్టి ఇది తిరుగులేని రుజువు కాదు. అయినా ఎవరికి అన్యాయం జరిగిందో వారి వైపువాళ్ల చేతికే పంపకం వచ్చిందని అనుకోవడానికి బలమైన ఆధారం. ఏడోవాడైన నీకొలాసు యూదుడిగా పుట్టినవాడు కూడా కాదు. యూదమతంలో చేరిన అంతియొకయవాడు. ఇదంతా తేలాకే శిష్యుల సంఖ్య విస్తరించిందనీ, యాజకుల్లో చాలామంది విశ్వాసులయ్యారనీ లూకా చెబుతాడు. సహాయ నిధి పంపకం, పెద్దల ఎన్నిక నలుగుతున్న సంఘంలో ఈ భాగానికి వేరే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

మరో మంచి వాక్యభాగం 11:19–30. దీనికి భూగోళం తెలియాలి. గోడకు పటం తగిలించినా తప్పులేదు. ఒరొంటెస్ నది మీది అంతియొకయ, రోము, అలెగ్జాండ్రియాల తర్వాత సామ్రాజ్యంలో పెద్ద నగరాల్లో ఒకటి. నేటి తుర్కియేలోని అంతాక్య. స్తెఫను హత్య తర్వాత చెదిరిపోయినవారిలో కుప్రవాళ్లు, కురేనేవాళ్లు కొందరు అక్కడి గ్రీసుదేశస్థులకు సువార్త చెప్పారు. వాళ్ల పేర్లు లూకా రాయలేదు. అపొస్తలులేమో యెరూషలేములోనే ఉండిపోయారని 8:1 చెబుతుంది. బర్నబా తర్వాత వచ్చాడు. చూసి సంతోషించి, తార్సు వెళ్లి సౌలును వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ ఏడాదిపాటు బోధించారు. క్లౌదియ కాలంలో కరవు రాగానే ఆ కొత్త సంఘమే యూదయకు సొమ్ము పంపింది. వినడం, నేర్చుకోవడం, ఇవ్వడం అనే ఈ వరసే ప్రసంగానికి అస్థిపంజరంగా సరిపోతుంది. ప్రాస కోసం పాయింట్లకు ఒకే అక్షరంతో పేర్లు పెట్టే అలవాటు ఇక్కడ అనవసరం.

బైబిలు బయటి చరిత్రను కొద్దిగా వాడాలి. బితూనియ, పొంతు ప్రాంతాల అధిపతి ప్లినీ 112 ప్రాంతంలో త్రాజాను చక్రవర్తికి రాసిన ఉత్తరం ప్రకారం, ఈ విశ్వాసం పట్టణాల నుంచి పల్లెలకూ పాకింది. సంఘంలో పరిచర్య చేసే ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టి విచారించానని అతడే రాసుకున్నాడు. విశ్వాసి కాని అధికారి కలం నుంచి వచ్చింది కాబట్టి ఆ సాక్ష్యానికి విలువ ఎక్కువ. సామాజిక శాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ 1996లో వేసిన లెక్క మరో రకం. 40లో వెయ్యిమందితో మొదలై పదేళ్లకు 40 శాతం చొప్పున పెరిగితే 300 నాటికి 60 లక్షలు దాటుతారని ఆయన చూపాడు. అది అంచనా మాత్రమే. లూకా ఇచ్చిన సంఖ్యల పక్కన పెట్టి కూడితే రెండూ చెడతాయి.

ఉదాహరణ కోసం తెలుగు పాస్టరు దూరం వెళ్లక్కర్లేదు. 1876–78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. సాయం కోసం చేరారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు పని ముగిశాక, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పెంతెకొస్తు మూడు వేలతో ఈ సంఖ్యను పోల్చే ప్రసంగాలు చాలా ఉన్నాయి. కానీ వాక్యభాగానికి నిజంగా దగ్గరైనది బాప్తిస్మాలు ఆపిన ఆ నిర్ణయం. చెప్పాల్సింది దాన్నే.

ఒక్క ఆదివారంలో ఇదంతా ఇమడదు. ఒక వాక్యభాగం, ఒక చిక్కు, ఒక అన్వయం చాలు. వరస ప్రసంగాలుగా చెప్పదలిస్తే ఆరు వచనాలూ ఆరు ఆదివారాలకు సరిపోతాయి. చివరిదానికి మాత్రం తయారీ పద్ధతి మార్చుకోవాలి. 28:30–31లో పౌలు రోములో అద్దె ఇంట్లో ఉండి రెండేళ్లు బోధించాడని ఉందే తప్ప, ఎంతమంది నమ్మారో లూకా చెప్పలేదు. కాబట్టి ఆ వారం 28:17 నుంచే వాక్యభాగం మొదలుపెట్టి, పౌలు మాటలు విని కొందరు నమ్మడం, కొందరు నమ్మకపోవడం కూడా చదివించాలి.